ఓలెడ్‌కి బొమ్మను అర్రేగా మార్చి పంపితే ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఎక్కడ చూడాలి?

#1 కొత్తబ్రెడ్‌బోర్డు

అందరికీ నమస్తే. నా దగ్గర ఉన్నది 0.96 అంగుళాల ఓలెడ్ తెర, 128×64 పిక్సెళ్లు, ఎస్‌ఎస్‌డీ1306 చిప్పు. ఐ2సీ (రెండు తీగల కనెక్షన్) మీద ఆర్డుయినో ఊనో బోర్డుకి కలిపాను. అక్షరాలు, గీతలు, వృత్తాలు అన్నీ బాగానే వస్తున్నాయి, కాబట్టి వైరింగ్ మీద నాకు అనుమానం లేదు. ఇప్పుడు ఒక పళ్ల చక్రం బొమ్మ పెట్టాలి. గింప్‌లో (బొమ్మలు గీసే ప్రోగ్రామ్) గీసి ఎక్స్‌బీఎంగా (నలుపు తెలుపు బొమ్మల ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ ఫైలే నేరుగా సీ అర్రేలా (అంకెల వరసలా) ఉంది, భలే సుళువు అనుకుని నా స్కెచ్‌లో (ఆర్డుయినో ప్రోగ్రామ్‌లో) పేస్ట్ చేసి అడాఫ్రూట్ జీఎఫ్‌ఎక్స్ లైబ్రరీలోని డ్రాబిట్‌మ్యాప్ ఫంక్షన్‌కి ఇచ్చాను. చక్రం అని గుర్తుపట్టొచ్చు గానీ గీతలన్నీ తెగిపోయి, అంచులు గజిబిజిగా ఉన్నాయి. ఫోటో జతచేశాను. లైబ్రరీ మార్చాలా?

#2 జంపర్‌తీగ

బొమ్మ వెడల్పు ఎంత? 8తో నిశ్శేషంగా భాగించబడుతుందా? సగం సమస్యలు అక్కడే ఉంటాయి.

#3 కొత్తబ్రెడ్‌బోర్డు

64×64 అన్నా.

#4 ఎనిమిదోబిట్

అయితే వెడల్పు సంగతి కాదు. వెడల్పు తేడా వస్తే ఒక్కో వరస కొంచెం కొంచెం జరుగుతూ బొమ్మ మొత్తం పక్కకి వాలిపోతుంది. మీ ఫోటో పెద్దది చేసి చూశాను, ఎనిమిదేసి పిక్సెళ్ల వెడల్పున నిలువు పట్టీలు కనిపిస్తున్నాయి, ప్రతి పట్టీ తన చోటులోనే ఉంది, పట్టీ లోపల మాత్రం కుడి ఎడమలు తారుమారయ్యాయి. అంటే బైట్ల వరస సరిగ్గానే ఉంది, బైటు లోపల బిట్ల వరస తిరగబడింది.

ఒక ఉదాహరణ. ఎనిమిది పిక్సెళ్లలో ఎడమవైపు నాలుగు వెలగాలి, కుడివైపు నాలుగు ఆరిపోవాలి అనుకోండి. డ్రాబిట్‌మ్యాప్ లెక్కలో బైటులోని పెద్ద బిట్ (7వది) ఎడమ చివర పిక్సెల్, కాబట్టి ఆ బైటు హెక్స్‌లో ఎఫ్0. ఎక్స్‌బీఎం లెక్కలో చిన్న బిట్ (0వది) ఎడమ చివర, కాబట్టి అదే బొమ్మకి 0ఎఫ్. మీరు ఎక్స్‌బీఎం పద్ధతిలో ఉన్న డేటాని ఇంకో పద్ధతిలో చదివే ఫంక్షన్‌కి ఇచ్చారు. లైబ్రరీ మార్చక్కర్లేదు, అదే జీఎఫ్‌ఎక్స్‌లో డ్రాఎక్స్‌బిట్‌మ్యాప్ అని ఇంకోటి ఉంది, సరిగ్గా గింప్ నుంచి వచ్చే ఫైళ్ల కోసమే పెట్టారు. అది వాడండి.

#5 కొత్తబ్రెడ్‌బోర్డు

ఫంక్షన్ పేరు ఒక్కటే మార్చాను, ఇంకేమీ ముట్టుకోలేదు. ఇప్పుడు చక్రం కూడా పోయింది, 64×64 చదరం నిండా చుక్కలే చుక్కలు. ఇంతకుముందే నయం కదా 😅

#6 ఎనిమిదోబిట్

హహ, అది ఊహించాల్సింది. అర్రే మొదటి లైను చూడండి, స్టాటిక్ అన్‌సైన్డ్ క్యార్ అని మాత్రమే ఉంటుంది, గింప్ అలాగే రాస్తుంది. దాన్ని స్టాటిక్ కాన్‌స్ట్ అన్‌సైన్డ్ క్యార్ చేసి, చదరపు బ్రాకెట్ల తర్వాత, సమం గుర్తుకి ముందు ప్రోగ్‌మెమ్ (అర్రేని ఫ్లాష్‌లోనే ఉంచమని చెప్పే మాట) చేర్చండి.

ఎందుకంటే ఊనోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్పులో ఫ్లాష్‌కీ (ప్రోగ్రామ్ ఉండే మెమరీ) ర్యామ్‌కీ వేర్వేరు చిరునామాలు. ఫ్లాష్‌లో 100వ బైటు వేరు, ర్యామ్‌లో 100వ బైటు వేరు, చదివే ఇన్‌స్ట్రక్షన్లు కూడా వేరు. ప్రోగ్‌మెమ్ లేకపోతే అర్రే ర్యామ్‌లోకి వెళ్తుంది (కాన్‌స్ట్ అని రాసినా సరే వెళ్తుంది, చాలామంది కాన్‌స్ట్ చాలనుకుంటారు). డ్రాబిట్‌మ్యాప్‌కి రెండు రూపాలున్నాయి, ఒకటి ఫ్లాష్ నుంచి చదివేది, ఒకటి ర్యామ్ నుంచి చదివేది. మీ అర్రేకి కాన్‌స్ట్ లేదు కాబట్టి కంపైలర్ దానంతట అదే ర్యామ్ రూపాన్ని ఎంచుకుంది, అందుకే బొమ్మ ఎంతో కొంత వచ్చింది. డ్రాఎక్స్‌బిట్‌మ్యాప్‌కి ఫ్లాష్ రూపం ఒక్కటే ఉంది. అది ర్యామ్ చిరునామా తీసుకుని ఫ్లాష్‌లో అదే నంబరు దగ్గర చదువుతోంది, అక్కడ ఉన్నది మీ ప్రోగ్రామ్. మీరు ఇప్పుడు తెర మీద చూస్తున్న చుక్కలు మీ కోడే!

ఈఎస్‌పీ32, ఆర్మ్ బోర్డుల మీద ఈ గొడవ లేదు. కాన్‌స్ట్ అంటే ఫ్లాష్‌లోనే ఉంటుంది, మామూలు పాయింటర్‌తోనే చదవొచ్చు.

#7 కొత్తబ్రెడ్‌బోర్డు

వచ్చేసింది!! పళ్లతో సహా. కోడ్‌ని బొమ్మగా చూశానన్నమాట, ఆ ఫోటో దాచుకుంటా.

#8 సోల్డర్‌ముక్క

ఇంత తతంగం దేనికి? ఇమేజ్2సీపీపీ అని బ్రౌజర్‌లో నడిచేది ఉంది, పీఎన్‌జీ ఇస్తే ప్రోగ్‌మెమ్‌తో సహా అర్రే చేతిలో పెడుతుంది. బిట్ల పురాణం ఎవరికి కావాలి.

#9 పొగమంచుపిక్సెల్

@సోల్డర్‌ముక్క అది మంచి టూలే, నేనూ వాడతాను. కానీ అందులోనూ అడ్డంగా ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో బిట్టా, నిలువుగానా, బిట్లు తిప్పాలా, రంగు తిరగేయాలా అని అడుగుతుంది కదా. అక్కడ ఏది నొక్కాలో తెలియాలంటే ఈ పురాణం వినక తప్పదు. తెలియకపోతే బొమ్మ సరిగ్గా వచ్చేదాకా ఒక్కో బటన్ నొక్కుకుంటూ కూర్చోవాలి, నాలుగు ఆప్షన్లు కలిస్తే ఎన్ని రకాలో లెక్కేసుకోండి.

నేను అందరికీ చెప్పేది ఒకటే, బొమ్మ ఎలా చెడిందో చూస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. కోడ్ తర్వాత, ముందు తెర చూడండి.

పక్కకి వాలిపోతే వరస వెడల్పు తేడా. అడ్డంగా పేర్చే పద్ధతిలో ప్రతి వరసా కొత్త బైటుతో మొదలవుతుంది, అంటే 50 పిక్సెళ్ల వెడల్పుకి వరసకి 7 బైట్లు, 56 బిట్లు, చివరి 6 బిట్లు ఖాళీ. కొన్ని కన్వర్టర్లు ఈ ఖాళీ వదలకుండా బిట్లన్నీ కలిపి కుక్కేస్తాయి. అప్పుడు వాలుతుంది. ఎనిమిదేసి నిలువు పట్టీల్లో తారుమారు అయితే ఎనిమిదోబిట్ గారు పైన చెప్పిందే.

మూడోది చూడగానే భయం వేస్తుంది, బొమ్మ ఆనవాలే ఉండదు, చీపురు పుల్లలు విరిచి తెర మీద చల్లినట్టు చిన్న చిన్న నిలువు గీతలు. అది అడ్డం డేటాని నిలువు పద్ధతిలో చదివినప్పుడు. ఎస్‌ఎస్‌డీ1306 లోపలి మెమరీ అసలు అడ్డంగా ఉండదు. 64 వరసల్ని 8 పేజీలుగా కోసి, ఒక్కో పేజీలో 128 బైట్లు, ఒక్కో బైటు నిలువుగా 8 పిక్సెళ్లు, చిన్న బిట్ పైన. (ఎక్స్, వై) దగ్గరి పిక్సెల్ కావాలంటే ఎక్స్ + 128 × (వై/8, శేషం వదిలేసి) అనేది బైటు నంబరు, వైని 8తో భాగిస్తే వచ్చే శేషం బిట్ నంబరు. నోకియా 5110లో వాడిన పీసీడీ8544ది కూడా ఇదే పద్ధతి, 84×48, ఆరు పట్టీలు, మొత్తం 504 బైట్లు. లైబ్రరీ వాడితే ఈ మార్పిడి అదే చేస్తుంది కాబట్టి మీ అర్రే అడ్డంగానే ఉండాలి. లైబ్రరీ లేకుండా చిప్పుకి నేరుగా బైట్లు పంపేవాళ్లకే నిలువు అర్రే కావాలి. ఈ తేడా తెలియక ట్యుటోరియల్ ఒకచోటిదీ కన్వర్టర్ సెట్టింగ్ ఇంకోచోటిదీ కలిపి కొట్టేవాళ్లు ఎంతమందో.

తలకిందులైతే బహుశా బీఎంపీ ఫైలు బైట్లని నేరుగా అర్రేలో పోసి ఉంటారు, బీఎంపీలో మామూలుగా కింది వరస ముందు ఉంటుంది, పైగా ముందు హెడర్, ప్రతి వరసా 4 బైట్ల గుణిజానికి నింపుతారు. బొమ్మ అంతా సరిగ్గా ఉండి రెండు పిక్సెళ్లు జరిగి, ఒక అంచున చెత్త నిలువు గీత కనిపిస్తే అర్రేని వదిలేయండి, మీది ఎస్‌ఎస్‌డీ1306 కాదు ఎస్‌హెచ్1106. దాని మెమరీ 132 కాలమ్‌ల వెడల్పు, తెర 128. డ్రైవర్ మార్చాలి.

#10 జంపర్‌తీగ

^ ఇది పిన్ చేయండి ఎవరైనా.

ఒకటి కలుపుతా: పరీక్షకి చక్రం, వృత్తం, చదరం లాంటివి వాడొద్దు, అవి ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. పై ఎడమ మూలలో ఒక పిక్సెల్, పక్కన ఒక అడ్డ గీత, కింద పొట్టి నిలువు గీత ఉన్న 16×16 బొమ్మ చేసుకోండి, ఏ దిక్కుకి తిరిగినా పట్టేయొచ్చు. 32 బైట్లే కాబట్టి అర్రేని కళ్లతో కూడా చదవొచ్చు.

#11 కొత్తబ్రెడ్‌బోర్డు

ఇంకో ప్రశ్న. చక్రం తిరుగుతున్నట్టు కనిపించాలని 64×64 బొమ్మలు మరో మూడు చేర్చాను. గింప్ ఫైళ్లే, పేస్ట్ చేశాను. కంపైల్ అయింది, ర్యామ్ ఇంకా కాస్త మిగిలే ఉందని చూపిస్తోంది, కానీ తెర మొత్తం నల్లగా, ఏమీ లేదు. పాత అక్షరాలు కూడా రావట్లేదు.

#12 జంపర్‌తీగ

కొత్త మూడింటికీ ప్రోగ్‌మెమ్ పెట్టావా తమ్ముడూ? ఒక్కోటి 512 బైట్లు, మూడు కలిపి 1536. ఊనోలో ఉన్నదే 2048. తెర బఫర్‌కి, అంటే తెరకి పంపబోయే బొమ్మని ఉంచే చోటుకి, 1024 కావాలి (128×64/8). ఇక ఎక్కడ సరిపోతుంది.

కంపైలర్ ర్యామ్ మిగిలిందని చెప్పడం అబద్ధం కాదు, దానికి తెలియదంతే. అడాఫ్రూట్ ఎస్‌ఎస్‌డీ1306 లైబ్రరీ ఆ 1024 బైట్లని బిగిన్ పిలిచినప్పుడు మ్యాలాక్‌తో అడుగుతుంది, అంటే బోర్డు నడుస్తున్నప్పుడు. కంపైల్ రిపోర్టులో అది కనబడదు. దొరక్కపోతే బిగిన్ ఫాల్స్ తిరిగిస్తుంది. ఆ జవాబు చూసి సీరియల్‌లో ఒక ముక్క ప్రింట్ చేయి, ఉదాహరణ స్కెచ్‌లలో ఆ ఇఫ్ ఊరికే పెట్టలేదు. ప్రోగ్‌మెమ్ పెడితే నాలుగు బొమ్మలూ ఫ్లాష్‌లో 2 కేబీ, 32 కేబీలో అదేమంత లెక్క కాదు.

ఇంకా ర్యామ్ ఇరుకైతే యూ8జీ2 లైబ్రరీలో పేజీ మోడ్ చూడు, 128 బైట్ల బఫర్‌తో ముక్కలు ముక్కలుగా గీస్తుంది. వేగం తగ్గుతుంది. దానిలోనూ ఎక్స్‌బీఎమ్మే, డ్రాఎక్స్‌బీఎంపీ ఫ్లాష్ నుంచి చదువుతుంది.

#13 రంగులరాట్నం

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది రంగుల తెర. ఐఎల్‌ఐ9341, 240×320, ఈఎస్‌పీ32, టీఎఫ్‌టీ_ఈఎస్‌పీఐ లైబ్రరీ. ఆకుల బొమ్మని ఆర్‌జీబీ565 అర్రేగా మార్చి పుష్‌ఇమేజ్‌తో పంపితే ఆకారం చక్కగా ఉంది, రంగులు మాత్రం దారుణం. ఎరుపు, నీలం తారుమారు అయ్యాయని ఎక్కడో చదివి ఆ సెట్టింగ్ మార్చాను, ఇంకా ఘోరం.

#14 ఎనిమిదోబిట్

ఆకులు ఏ రంగులో వస్తున్నాయి? ముందు ఆ సెట్టింగ్ వెనక్కి తిప్పేసి చెప్పండి.

#15 రంగులరాట్నం

ఎర్రగా, కొంచెం గులాబీ కలిసినట్టు. తెలుపు మాత్రం తెల్లగానే ఉంది, నలుపు నల్లగానే.

#16 ఎనిమిదోబిట్

అయితే ఎరుపు నీలం తారుమారు కాదు. అదే అయితే ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉండాలి, మధ్యలో ఉన్నది కదలదు.

మీకు తిరగబడింది బైట్లు. 565లో ఒక పిక్సెల్‌కి 16 బిట్లు, ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5. అచ్చమైన ఆకుపచ్చ హెక్స్‌లో 07ఈ0. దాని రెండు బైట్లు అటుదిటు అయితే ఈ007. ఇప్పుడు బిట్లు విడదీస్తే ఎరుపు 28 (31కి), ఆకుపచ్చ సున్నా, నీలం 7. మీరు చెప్పిన గులాబీ కలిసిన ఎరుపు అదే. ఎరుపు ఎఫ్800 కాస్తా 00ఎఫ్8 అయి నీలంలా కనబడుతుంది, నీలం 001ఎఫ్ కాస్తా 1ఎఫ్00 అయి పచ్చబడుతుంది. తెలుపు అన్నీ ఒకట్లు, నలుపు అన్నీ సున్నాలు, వాటిని ఎటు తిప్పినా మారవు.

తెర పెద్ద బైటు ముందు రావాలని అడుగుతుంది, ఈఎస్‌పీ32 మెమరీలో చిన్న బైటు ముందు ఉంటుంది. సెట్‌స్వాప్‌బైట్స్‌కి ట్రూ ఇచ్చి ఆ తర్వాత పుష్‌ఇమేజ్ పిలవండి. లేదా కన్వర్టర్‌లోనే తిప్పించుకోండి. రెండూ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

#17 రంగులరాట్నం

ట్రూ ఇచ్చా, ఆకులు పచ్చబడ్డాయి. దండాలు. ఇలాంటి పూర్తి తెర బొమ్మలు ఓ పాతిక పెట్టుకోవచ్చా?

#18 జంపర్‌తీగ

240×320×2 = 153600 బైట్లు ఒక్క బొమ్మకి. పాతిక అంటే 38 లక్షల బైట్ల పైన, 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న మాడ్యూల్‌లో ప్రోగ్రామ్‌కి చోటే ఉండదు. పైగా అంత టెక్స్ట్ ఉన్న హెడర్ ఫైలు తెరిస్తే ఎడిటర్ మూలుగుతుంది. పెద్దవి అర్రేగా వద్దు, లిటిల్ఎఫ్‌ఎస్‌లోనో (ఫ్లాష్‌లోనే ఫైళ్లు పెట్టుకునే పద్ధతి) ఎస్‌డీ కార్డులోనో జేపెగ్‌గా పెట్టి అక్కడికక్కడ డీకోడ్ చేయండి. అర్రేలు చిన్న ఐకాన్లకి బాగుంటాయి. తక్కువ రంగులుంటే ప్యాలెట్ పెట్టుకోవచ్చు, 16 రంగులకి పిక్సెల్‌కి 4 బిట్లు చాలు, సైజు పావు వంతు అవుతుంది.

#19 కొత్తబ్రెడ్‌బోర్డు

చక్రం తిరుగుతోంది 🙂 ఇప్పుడు ఒక పిల్లి ఫోటోని నలుపు తెలుపులో పెట్టాలనుంది. మార్చితే సగం నల్లని ముద్ద, సగం తెల్లని ముద్ద వస్తోంది.

#20 పొగమంచుపిక్సెల్

ఫోటోకి గీటు పెట్టి ఇటు నలుపు అటు తెలుపు అంటే ముద్దే వస్తుంది. డిథరింగ్ కావాలి, అంటే నలుపు తెలుపు చుక్కలతోనే మధ్య ఛాయలు ఉన్నట్టు చూపించడం. ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ పద్ధతి 1976 నాటిది, ఇప్పటికీ అందరూ మొదట దాన్నే పట్టుకుంటారు. ఒక పిక్సెల్‌ని నలుపో తెలుపో చేసినప్పుడు మిగిలిన తేడాని పారేయకుండా పక్కవాటికి పంచుతుంది, కుడివైపుకి 7/16, కిందివైపు మూడింటికి 3/16, 5/16, 1/16. అట్‌కిన్సన్ పద్ధతి (యాపిల్‌లో పనిచేసిన బిల్ అట్‌కిన్సన్‌ది) తేడాలో ఎనిమిదింట ఆరు వంతులే పంచి మిగతాది వదిలేస్తుంది, అందుకే వెలుగు నీడలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఇంత చిన్న తెర మీద నా ఓటు అట్‌కిన్సన్‌కే, మొహాలు, కళ్లు దానిలోనే బాగా తేలుతాయి.

ముందు ఫోటోని కత్తిరించి సైజు 128×64కి తగ్గించండి, కాంట్రాస్ట్ పెంచండి, ఆఖరున డిథర్ చేయండి. డిథర్ చేసిన తర్వాత సైజు మారిస్తే చుక్కలన్నీ కలిసిపోయి చెత్త అవుతుంది, ఆ తర్వాత ఏం చేసినా బాగుపడదు. కదిలే బొమ్మలకైతే బేయర్ అనే డిథరింగ్ పద్ధతి వాడండి, అందులో చుక్కల స్థానాలు ఒక స్థిరమైన పట్టిక ప్రకారం ఉంటాయి. తేడాని పంచే పద్ధతుల్లో ఫ్రేమ్ ఫ్రేముకీ చుక్కలు చీమల్లా పాకుతూ ఉంటాయి.

లోగోలకి, ఐకాన్లకి మాత్రం డిథరింగ్ జోలికి పోవద్దు. పారదర్శక పీఎన్‌జీ అయితే వెనక తెలుపో నలుపో ముందే నింపేయండి, లేకపోతే మొత్తం ఒకే దిమ్మగా వస్తుంది.

#21 సోల్డర్‌ముక్క

ఇవన్నీ కూడా నేను చెప్పిన బ్రౌజర్ టూల్‌లోనే ఉన్నాయి, మళ్లీ చెబుతున్నా 😏

#22 పొగమంచుపిక్సెల్

ఉన్నాయండీ, ఎవరు కాదన్నారు. ఒకటి రెండు బొమ్మలకి అదే మేలు. నా బాధ ఆర్నెల్ల తర్వాత మొదలవుతుంది. ప్రాజెక్టులో ఐకాన్స్ అని ఒక హెడర్ ఫైలు, అందులో వేల హెక్స్ అంకెలు, అసలు పీఎన్‌జీ ఎవరి దగ్గరా లేదు, ఏ సెట్టింగ్‌తో మార్చారో ఎవరికీ గుర్తులేదు. బ్యాటరీ గుర్తులో ఒక గీత సన్నం చేయమంటే బొమ్మ మళ్లీ మొదటినుంచి గీయాల్సి వస్తుంది. అర్రే అనేది తయారైన సరుకు, దాన్ని చేత్తో దిద్దే ఫైల్లా చూడకూడదు. పీఎన్‌జీలు ఒక ఫోల్డర్‌లో, మార్చే స్క్రిప్టు పక్కన, బిల్డ్ చేసినప్పుడల్లా హెడర్ దానంతట అదే తయారవ్వాలి.

స్క్రిప్టు కూడా పెద్దదేం కాదు. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో పీఎన్‌జీ తెరిచి, మోడ్ '1'కి కన్వర్ట్ చేసి (ఐకాన్లకి డిథర్ వద్దని చెప్పాలి, చెప్పకపోతే అది ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ వేసేస్తుంది), టుబైట్స్ పిలిస్తే వచ్చేది సరిగ్గా డ్రాబిట్‌మ్యాప్ అడిగే రూపమే: అడ్డం వరసలు, పెద్ద బిట్ ఎడమన, ప్రతి వరసా కొత్త బైటు. దాన్ని హెక్స్‌గా ప్రింట్ చేయడం, వెడల్పు ఎత్తు కూడా రెండు కాన్‌స్టెంట్లుగా రాయించడం. ఈ రెండోది మర్చిపోకండి, కోడ్‌లో 64 అని చేత్తో కొట్టిన చోటల్లా రేపు బొమ్మ సైజు మారితే వాలిపోతుంది. తెల్ల కాగితం మీద నల్ల బొమ్మ గీస్తే ఓలెడ్‌లో తిరగబడి వస్తుంది, ఎందుకంటే పిల్లోలో తెలుపు 1, ఓలెడ్‌లో 1 అంటే వెలుగు. మార్చే ముందు ఇన్వర్ట్ చేయించండి.

#23 జంపర్‌తీగ

ఇది ఒప్పుకుంటా. పనిచేసే చోట ఒక పాత ఫర్మ్‌వేర్‌లో సరిగ్గా ఇదే పరిస్థితి, హెక్స్‌ని తిరిగి బొమ్మగా మార్చే స్క్రిప్టు రాయాల్సొచ్చింది.

#24 సోల్డర్‌ముక్క

సరే, పీఎన్‌జీ దాచుకోవాలన్నంత వరకు నేనూ ఒప్పుకుంటా. ఆ టూల్‌లో పెట్టిన సెట్టింగ్‌లు హెడర్ పైన కామెంట్‌గా రాస్తే స్క్రిప్టు కూడా అక్కర్లేదు.

#25 కొత్తబ్రెడ్‌బోర్డు

పిల్లి వచ్చింది, అట్‌కిన్సనే బాగుంది. ఒక సందేహం: చక్రం ఎంత వేగంగా తిప్పినా ఒక స్థాయి దాటట్లేదు. బొమ్మ ఫ్లాష్‌లో ఉండటం వల్లనా?

#26 ఎనిమిదోబిట్

కాదు, తీగ వల్ల. మీరు గీసింది చిన్న చదరమైనా డిస్‌ప్లే పిలిచినప్పుడల్లా 1024 బైట్లూ వెళ్తాయి. ఐ2సీలో బైటుకి 9 క్లాకులు, అంటే 9216. 100 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 92 మిల్లీసెకన్లు, సెకనుకి పది ఫ్రేములు కూడా కష్టం. 400లో దాదాపు 23 మిల్లీసెకన్లు, అదీ చిరునామాలు, కమాండ్లు కలపకుండా. ఎస్‌పీఐ (ఇంతకన్నా వేగమైన కనెక్షన్) రకం ఓలెడ్ అయితే హాయి.

#27 రంగులరాట్నం

అర్రేలే వద్దనుకుంటే సీ23లో (సీ భాష ప్రమాణంలో) ఎంబెడ్ అని కొత్త డైరెక్టివ్ వచ్చిందట కదా, ఫైలు పేరు ఇస్తే బైట్లన్నీ కంపైలరే లాగేసుకుంటుందని. అది వాడితే కన్వర్టర్, స్క్రిప్టు రెండూ పోతాయా?

#28 ఎనిమిదోబిట్

హెక్స్ అంకెల టెక్స్ట్ పోతుంది, మార్పిడి పోదు. ఎంబెడ్ ఫైలులో ఉన్న బైట్లని ఉన్నట్టుగా పెడుతుంది. పీఎన్‌జీ ఇస్తే కంప్రెస్ అయిన పీఎన్‌జీ బైట్లే వస్తాయి, తెరకి అవేమీ అర్థం కావు. కాబట్టి స్క్రిప్టు హెడర్‌కి బదులు ముడి బైట్ల ఫైలు రాయాలి, బిట్ల వరస, బైట్ల వరస అన్నీ అక్కడే తేల్చుకోవాలి.

కంపైలర్ జీసీసీ అయితే 15 నుంచి, క్లాంగ్ అయితే 19 నుంచి ఉంది. ఆర్డుయినో ఏవీఆర్ ప్యాకేజీతో వచ్చేది జీసీసీ 7.3, ఊనో మీద దాని ఊసు లేదు. అక్కడ కావాలంటే అసెంబ్లీలో ఇన్‌క్‌బిన్ డైరెక్టివ్ ఎప్పటినుంచో ఉంది, ప్రోగ్‌మెమ్ సెక్షన్ పేరు ఇచ్చి ఫైలు లాగొచ్చు. లేదంటే ఎక్స్‌ఎక్స్‌డీ అనే టూల్‌కి మైనస్ ఐ ఇస్తే ముడి ఫైలుని అర్రే టెక్స్ట్ చేసి ఇస్తుంది, కాన్‌స్ట్, ప్రోగ్‌మెమ్ మాత్రం మీరే చేర్చుకోవాలి.